అమ్మ కుర్చీలో బుల్లెట్టు

"వెయ్యమ్మా, వెయ్యి! తురుపు రాజు నీ దగ్గరే ఉంది, నాకు తెలుసు. వెయ్యి!"

మిరియం అరిచిన అరుపుకి, విప్పి పెట్టిన వాషింగ్ మెషిన్ వెనక నుంచి నాన్న తల పైకి లేచింది. చేతిలో స్క్రూడ్రైవరు, చెవి మీద సబ్బు నురగ.

"ఎవరినే అంతలా అదిలిస్తున్నావు?"

"అమ్మని."

"ఇక్కణ్ణించి అరిస్తే లారీలోకి వినపడుతుందా? మెషిన్లు మాత్రం బెదిరిపోతున్నాయి."

వినపడదని మిరియానికీ తెలుసు. అయినా అరవకుండా ఉండలేదు. చూడ్డానికి ఇంతే ఉంటుంది, కొరికితే తెలుస్తుంది అంటూ అమ్మే ఆమెకి మిరియం అని పేరు పెట్టింది.

టాబ్ తెర మీద ఆకుపచ్చ బల్ల ఉంది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు, కుర్చీకొక పిట్ట. ఇటువైపు కూర్చున్న చిన్న ఎర్ర పిట్ట మిరియం. సరిగ్గా ఎదురుగా కూర్చున్న పసుపు పిట్ట అమ్మ. ఇద్దరూ ఒక జోడీ. పక్క కుర్చీల్లోని నీలం పిట్టలు అవతలి జోడీ. వాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో తెలియదు. ఆట పేరు పిట్టల పేక. పందేలూ డబ్బులూ లేని ఆట. తెలివిగా ముక్క వేసి పట్టు గెలుచుకోవడమే.

పసుపు పిట్ట ముక్క వెయ్యలేదు. చూస్తుండగానే దాని రెక్కల రంగు వెలిసి, బూడిద రంగుకి తిరిగింది.

"అయ్యో! పోయింది!"

అమ్మ ఫోనుకి సిగ్నల్ పోయిందన్నమాట. బల్ల మధ్య చిన్న గడియారం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అది ఆగేలోపు అమ్మ రావాలి. మిరియం ఊపిరి బిగపట్టి చూసింది. గడియారం ఆగింది. పసుపు రంగు రాలేదు.

'మీ జోడీ ఓడిపోయింది' అని తెర మీద పడింది.

మిరియం మూలనున్న పాత మెషిన్ దగ్గరికి విసవిసా నడిచింది. అది ఇక బాగుపడే మెషిన్ కాదు. నాన్న దాని కడుపులోంచి కావలసిన భాగాలు తీసుకుంటూ ఉంటాడు. దాని పక్క రేకు మీద మిరియం గీసిన సుద్ద గీతలున్నాయి. గెలిచిన ఆటకొక గీత. ఒక్క ఆట ఓడితే గీతలన్నీ పోతాయి. అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేసింది.

"ఎన్నాళ్ళ నుంచీ కూడబెట్టానో!" అంది.

నాన్న తన చేతిలోని రబ్బరు గొట్టంలోంచి తడిసిన సాక్సు ఒకటి బయటికి లాగాడు.

"చూశావా? ప్రతి మెషినూ ఇంటికొక సాక్సు తింటుంది. అది దాని జీతం."

వేరే రోజైతే మిరియం పకపకా నవ్వేది.

అమ్మ లారీ డ్రైవరు. మందుల్ని చల్లగా దాచి మోసే పెద్ద లారీ అది. ఒకసారి బయల్దేరితే వారాల తరబడి ఇంటికి రాదు. లారీలో ఇంకో డ్రైవరు కూడా ఉంటాడు. ఒకరు నడుపుతుంటే ఒకరు పడుకుంటారు. సాయంత్రం బండి ఆగే వేళకి అతను సీటు వెనక పడక మీద గుర్రుపెడుతూ ఉంటాడు. కాబట్టి అమ్మ ఫోన్లో మాట్లాడ్డానికి ఉండదు. మాటలన్నీ పొద్దున్నే, అమ్మ లారీ దిగి ముఖం కడుక్కునేటప్పుడు. అవి కూడా నాలుగు మాటలే.

అందుకే సాయంత్రాలు ఈ ఆట. ఇందులో నోరు విప్పక్కర్లేదు. రాయడానికీ వీల్లేదు. చిన్న చిన్న బొమ్మలు మాత్రం పంపుకోవచ్చు. వాటికి తల్లీకూతుళ్ళు అర్థాలు పెట్టుకున్నారు. టీ కప్పు పంపితే 'బండి ఆపాను, టీ తాగుతున్నాను' అని. గొడుగు పంపితే 'ఇక్కడ వాన' అని. కప్ప పంపితే 'ఇవాళ భలే తమాషా జరిగింది, పొద్దున చెబుతా' అని. పిల్లి పంపితే 'ఇక పడుకో' అని. పిల్లి బొమ్మ అంటే మిరియానికి ఒళ్ళుమంట.

ఆ ఆటలో ఒక బోర్డు ఉంది. 'ఓడని జోడీలు' అని దాని పేరు. అందరికన్నా ఎక్కువ ఆటలు వరసగా గెలిచి, ఇంకా ఓడని జోడీ అన్నిటికన్నా పైన, బంగారు రంగు కొమ్మ మీద కూర్చుంటుంది. చాలా రోజులుగా ఆ కొమ్మ మీద 'రెండు కాకులు' అనే జోడీ పాతుకుపోయింది. వాళ్ళ రికార్డు దాటాలని మిరియం కలలు కంటోంది.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. ఆ కొమ్మ మీద రెండు పిట్టలూ పక్కపక్కనే, రెక్కకి రెక్క ఆనించి కూర్చుంటాయి. పగలూ రాత్రీ అలాగే ఉంటాయి. టాబ్ ఎప్పుడు తెరిచినా ఉంటాయి. వాటిలో ఏ పిట్టా లారీ ఎక్కి వెళ్ళిపోదు.

మర్నాడు పొద్దున అమ్మ ఫోను చేసింది. వెనకాల నీళ్ళ చప్పుడు, పెద్ద బండ్ల హారన్లు.

"మిరియం, నిన్న మధ్యలో పోయానే. కొండ దారి మొదలైంది."

"సిగ్నల్ ఉన్న చోట ఆపొచ్చు కదా అమ్మా!"

"బండి నా మాట వింటుంది గానీ, కొండలు వింటాయా?"

"మళ్ళీ మొదటికొచ్చింది. అన్నీ చెరిపేశాను."

"పోనీలేవే. గీతలే కదా, గీసుకుందాం. ఏం తిన్నావు?"

అమ్మకి అర్థం కాదు అనుకుంది మిరియం. ఏం తిన్నదో చెప్పకుండానే ఫోను నాన్నకిచ్చేసి బడికి వెళ్ళిపోయింది.

దారిలో బుల్లెట్టు కలిసింది. బేకరీ వాళ్ళమ్మాయి, మిరియం తరగతే. ఎప్పుడు చూసినా మోచేతులకి పిండి అంటుకుని ఉంటుంది. తినడం, మాట్లాడ్డం, లెక్కలు చెయ్యడం అన్నీ వేగమే. ముందు పరిగెత్తి, ఎక్కడికో తర్వాత అడిగే రకం. పిట్టల పేకలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏ ముక్క ఎవరి దగ్గరుందో వాసన పట్టేస్తుంది.

మిరియం గోడు మొత్తం విని, బుల్లెట్టు టక్కున ఆగింది.

"ఒసేయ్, పిన్ని పాస్‌వర్డ్ నీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? అమ్మకి పెట్టిచ్చింది నేనే."

"అయితే ఇంకేంటే ఏడుపు? పిన్ని కొండలు దాటేదాకా ఆ కుర్చీలో నేను కూర్చుంటా. మీ నాన్న ఫోన్లోంచి ఆడతా. దాటాక పిన్ని కుర్చీ పిన్నిదే. ఎవరికే నష్టం?"

మిరియం ఆలోచించింది. ఎటు చూసినా నష్టపోయేవాళ్ళెవరూ కనిపించలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ నాన్న రిపేరు షాపులో చేరారు. మిరియం ఒక మెషిన్ మీద, బుల్లెట్టు ఇంకో మెషిన్ మీద కాళ్ళు ఊపుతూ కూర్చున్నారు. బుల్లెట్టు ఆట మొదలుపెడితే ఎవరికీ కన్ను తిప్పుకునే సందు ఉండదు. ఇలా వేస్తే అలా పట్టు. వాళ్ళు తేరుకునేలోపే తురుపు. నీలం పిట్టలు వస్తున్నాయి, ఓడుతున్నాయి, పోతున్నాయి. రేకు మీద సుద్ద గీతలు గడ్డి మొలిచినట్టు మొలిచాయి.

"ఇదేదో దొంగ వ్యాపారంలా ఉందే," అన్నాడు నాన్న నవ్వుతూ. "నా ఫోను నాకెప్పుడిస్తారు?"

"కాసేపు బాబాయ్! రికార్డు కొట్టాక నీ ఫోనుకి దండేసి మరీ ఇస్తా!" అంది బుల్లెట్టు.

మర్నాడు పొద్దున అమ్మ అడిగింది.

"నిన్న ఒకచోట సిగ్నల్ బాగానే దొరికిందే. తీరా ఆట తెరిస్తే నన్ను లోపలికి రానివ్వలేదు. ఏమైందంటావ్?"

మిరియం సుద్ద గీతల వంక చూసింది.

"అదీ... సర్వరు బాగాలేదమ్మా."

"ఓహో. నా ఫోనే పాడయిందేమో అనుకున్నా. సరే, ఇవాళ మళ్ళీ చూస్తాలే."

"ఇవాళ కూడా బాగుండదేమో!" మాట నోరు జారి వచ్చేసింది.

అమ్మ "సరేనే" అంది.

రోజులు గడిచాయి. లారీ కొండలు దాటింది. ఆ సంగతి మిరియానికి తెలుసు, బుల్లెట్టుకీ తెలుసు. కానీ రెండు కాకులు కనుచూపు మేరలోకి వచ్చేశాయి. ఇప్పుడెలా ఆపడం? కాస్త ఆగితే ఆ బంగారు కొమ్మ అందుతుంది. అందాక అమ్మ కుర్చీ అమ్మకి ఇచ్చేద్దాం అనుకున్నారు.

ఒక సాయంత్రం ఆట మధ్యలో వాన మొదలైంది. షాపు రేకుల మీద టపటపా చప్పుడు. చూరు నుంచి నీళ్ళు ధారగా కారి, గుమ్మం ముందున్న మెషిన్ డ్రమ్ములో పడుతున్నాయి. మిరియం వేలు తనంతట తానే బొమ్మల దగ్గరికి పోయింది. గొడుగు బొమ్మ నొక్కింది. గొడుగు ఎగురుకుంటూ బల్ల దాటి, పసుపు పిట్ట ముందు వాలింది.

పసుపు పిట్ట కదల్లేదు. ఒక ముక్క వేసింది. అంతే.

"ఎందుకే గొడుగులూ గిడుగులూ? టైం దండగ," అంది పక్క మెషిన్ మీద నుంచి బుల్లెట్టు. "నీ వంతు. వెయ్యి."

మిరియం ముక్క వేసింది. పట్టు గెలిచారు. ఆటా గెలిచారు. ఎదురుగా అమ్మ పిట్ట ఉంది. అదే పసుపు రంగు, అదే ముక్కు, అదే కుర్చీ. దాన్ని ఎంతసేపు చూసినా అమ్మని చూసినట్టు లేదు.

"ఇదిగో, ఇది చూశావా?" బుల్లెట్టు తెర మీద వేలు పెట్టింది. బల్ల అంచున చిన్న కన్ను గుర్తు వెలుగుతోంది. ఎవరో పేరు లేకుండా పక్కన నిలబడి వాళ్ళ ఆట చూస్తున్నారన్నమాట. "రోజూ వస్తోంది ఈ కన్ను. మనకి అభిమానులు కూడా తయారయ్యారే!"

ఆ వారంలోనే వాళ్ళు రెండు కాకుల్ని దాటేశారు.

బంగారు కొమ్మ మెరిసింది. కాకులు కిందికి జరిగాయి. పసుపు పిట్టా ఎర్ర పిట్టా ఎగిరి వచ్చి, రెక్కకి రెక్క ఆనించి కొమ్మ మీద కూర్చున్నాయి. బుల్లెట్టు మెషిన్ మీద నుంచి దూకి, షాపంతా గంతులేసింది. బేకరీకి పరిగెత్తి, వేడి బన్నులు పట్టుకొచ్చింది. నాన్న కూడా చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు.

"బాగుందే! మీ అమ్మకి చెప్పావా?"

"రేపు చెబుతా," అంది మిరియం.

ఏనుగెక్కినంత సంతోషం వస్తుందనుకుంది. వచ్చింది. కానీ ఏనుగు దిగి చూస్తే పక్కన ఎవరూ లేనట్టుగా ఉంది.

మర్నాడు శనివారం. బడి మధ్యాహ్నం దాకానే. అమ్మ ఫోను రాకముందే బయల్దేరాల్సి వచ్చింది. బోర్డు ఎవరు చూశారో గానీ, తరగతిలో ఆ కబురు అప్పటికే అందరి నోళ్ళలో నానుతోంది. క్లాసు టీచరు కూడా విన్నారు.

"అమ్మా కూతురూ కలిసి రికార్డు కొట్టారట కదా! అంత దూరంలో బండి నడుపుతూ, నీతో ఆడ్డానికి తీరిక చేసుకుందంటే మీ అమ్మ గట్టిదే. నా తరఫున అభినందనలు చెప్పు. సోమవారం మీ ఇద్దరి గురించీ గోడ పత్రికలో వేద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. మిరియం తేలు కుట్టిన దొంగలా తల వంచుకుంది.

"ఆడింది నేను, అభినందనలు పిన్నికి," అని బుల్లెట్టు మిరియం చెవిలో గొణిగింది. "బాగుందే నీ న్యాయం!"

ఇంటికొచ్చేసరికి షాపులో ఫోను మోగుతోంది. నాన్న ఎత్తి, "ఇప్పుడే వచ్చింది, ఇదిగో" అని మిరియానికిచ్చాడు.

"అమ్మా! నువ్వు ఈ వేళప్పుడు..."

"పొద్దున దొరకలేదు కదే. బండి సరుకు దించుతున్నారు. ఖాళీయే." అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "బోర్డు చూశా. మన పిట్టలు పైనున్నాయి."

"చూశావా?"

"చూశా. ఆటలన్నీ చూశానే."

మిరియం ఫోనుని చెవికి గట్టిగా ఆనించుకుంది. వెనక నాన్న మెషిన్ ఒకటి తిప్పి చూస్తున్నాడు. దాని గుడగుడ తప్ప ఇంకేం వినపడ్డం లేదు.

"రోజూ ప్రయత్నించా," అంది అమ్మ. "తెరవగానే 'మీరు ఇప్పటికే ఆడుతున్నారు' అంటుంది. నేనేమో స్టీరింగుకి ఆనుకుని కూర్చుని రొట్టె నములుతున్నా. నేనెక్కడ ఆడుతున్నానబ్బా అని నాకే అనుమానం వచ్చింది. పేరు లేకుండా చూసే దారి ఒకటుంది కదా, అందులోంచి వచ్చా. చూద్దును కదా, నా పిట్ట నా కుర్చీలోనే ఉంది, నీకెదురుగా."

ఆ కన్ను. రోజూ బల్ల అంచున వెలిగిన కన్ను.

"ఎవరో గానీ బాగా ఆడిందే. నాకన్నా బాగా ఆడింది. నీకు మంచి జోడీ దొరికింది."

కోప్పడితే బాగుండేది. తిరిగి కోప్పడ్డం మిరియానికి చేతనైన పనే. కానీ అమ్మ గొంతులో కోపం లేదు. ఉన్నదేమిటో మిరియానికి తెలుసు. ఆమధ్య వాన కురిసిన సాయంత్రం, గొడుగుకి బదులు రానప్పుడు తనకి అనిపించింది కూడా అదే.

"బుల్లెట్టు, అమ్మా," అంది. "నేనే కూర్చోబెట్టా. సర్వరు బాగాలేదని అబద్ధం చెప్పా."

"తెలుసులే."

"తెలిసి... మరి రోజూ ఎందుకు చూశావు?"

"బల్ల దగ్గర నువ్వున్నావు కదే."

మిరియం ఫోనుని రెండో చెవికి మార్చుకుంది.

"మొన్న గొడుగు పంపావు చూడు," అంది అమ్మ. "ఓహో, ఇంటి దగ్గర వాన పడుతోంది కాబోలు అనుకున్నా. ఇక్కడా పడుతోంది ఆ వేళకి. తిరిగి పంపుదామని వెతికా. చూసేవాళ్ళకి బొమ్మలుండవట."

అవతల ఎవరో "అక్కా, తాళం!" అని కేకేశారు.

"ఉంటానే. పిలుస్తున్నారు."

"అమ్మా, రేపు సాయంత్రం వస్తావా?"

"కుర్చీ ఖాళీగా ఉంటే వస్తా," అంది అమ్మ.

ఫోను పెట్టేశాక మిరియం చాలాసేపు తలుపు లేని మెషిన్ ముందు కూర్చుని, దాని డ్రమ్ముని చేత్తో తిప్పుతూ ఉండిపోయింది. నాన్న పని ఆపి, పక్కన ఒక గోనె పరుచుకుని కూర్చున్నాడు.

"చూసి ఊరుకున్నాను నేను కూడా," అన్నాడు. "అమ్మకి చెప్పే చేస్తున్నారనుకున్నా. ఒకసారి అడగాల్సింది."

మిరియం తల నాన్న భుజానికి ఆనించింది. సబ్బు వాసన వేసింది.

ఆ తర్వాత లేచి, చెప్పులేసుకుని, టీచరు గారి ఇంటి దాకా నడిచింది. గుమ్మంలోనే నిలబడి, ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆ ఆటలు అమ్మ ఆడలేదని, ఆడింది బుల్లెట్టని, గోడ పత్రికలో వెయ్యొద్దని. టీచరు గారు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశారు. "సరే, వెయ్యనులే. లోపలికి రా, మంచినీళ్ళు తాగు. ముఖమంతా చెమటే," అన్నారు.

ఆదివారం సాయంత్రం మిరియం టాబ్ పట్టుకుని తన మెషిన్ ఎక్కింది. బల్ల తెరిచింది. ఎదురు కుర్చీ ఖాళీ.

అలవాటు ప్రకారం బుల్లెట్టు కూడా ఊడిపడింది. వస్తూనే నాన్న ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఇవాళ నువ్వు ఆడొద్దే," అంది మిరియం. "అమ్మ వస్తుంది."

"పిన్ని ఆడితే గెలిచినట్టే!" బుల్లెట్టు మూతి తిప్పింది. "మేడంకి చెప్పి గోడ పత్రిక పోగొట్టావు. ఇప్పుడు కొమ్మ కూడా పోగొట్టుకుంటావా? ఒక్క ఆట ఓడితే మళ్ళీ కాకులే!"

"తెలుసు."

నీలం పిట్టలు వచ్చి, ఎదురుచూసి, విసుగెత్తి లేచిపోయాయి. ఇంకో జోడీ వచ్చింది. అదీ పోయింది. మిరియం కళ్ళు కాయలు కాచేలా ఆ కుర్చీ వంకే చూస్తోంది. బుల్లెట్టు గోళ్ళు కొరికేస్తోంది.

పసుపు పిట్ట వచ్చి కూర్చుంది.

కూర్చుంటూనే టీ కప్పు పంపింది. కప్పు బల్ల మీద ఊగుతూ వచ్చి ఎర్ర పిట్ట ముందు ఆగింది. మిరియం టాబ్ మీదికి అంతగా వంగింది, ముక్కు తెరకి తగిలింది.

ఆట మొదలైంది. అమ్మ ఎప్పట్లాగే నిదానంగా ఆడింది. దాచుకోవలసిన రాణిని ముందే వేసేసింది. "అబ్బా, పిన్నీ!" అని బుల్లెట్టు నెత్తి కొట్టుకుంది. అయినా పట్టులు పడుతూనే ఉన్నాయి. చివరికొచ్చేసరికి ఆట చేతిలోకి వచ్చేసింది. ఇంకొక్క పట్టు చాలు. తురుపు ఆసు అమ్మ దగ్గరే ఉంది. అమ్మ వెయ్యడమే తరువాయి.

పసుపు రంగు వెలిసిపోయింది.

గడియారం గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

"సిగ్నల్ పోయిందే!" బుల్లెట్టు ఒక్క దూకు దూకి పక్కకొచ్చింది. "ఏం ఫర్వాలేదు, నేనెక్కేస్తా! పాస్‌వర్డ్ నోటికొచ్చు. ఒక్క ముక్కే కదా, ఆసు పడేసి దిగిపోతా!"

ఆమె వేళ్ళు అప్పుడే ఫోను మీద పరిగెడుతున్నాయి. మిరియం చెయ్యి చాపి, ఆ ఫోను తెర మీద అరచెయ్యి కప్పేసింది.

"వద్దు."

"ఒక్క ముక్కే! కొమ్మ పోతుందే పిచ్చిదానా!"

"అది అమ్మ కుర్చీ."

"పిన్నికి కూడా కొమ్మ కావాలి కదే!"

"ఏమో. అమ్మెప్పుడూ అడగలేదు," అంది మిరియం. చెయ్యి మాత్రం తియ్యలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. రెక్కకి రెక్క ఆనించి కూర్చున్న ఆ రెండు పిట్టలంటే ఆమెకి ఎంత ఇష్టమో ఆమెకే తెలుసు.

గడియారం ఆగింది.

'మీ జోడీ ఓడిపోయింది.'

బుల్లెట్టు ఫోను కింద పెట్టేసింది. ఏదో తిట్టబోయి, మిరియం ముఖం చూసి ఆగిపోయింది. "నీ ఇష్టం తల్లీ," అని నెమ్మదిగా అంది. "బేకరీ కట్టేసే వేళయింది. మా అమ్మ చూస్తుంటుంది. రేపు మనిద్దరం మన పేర్లతోనే ఆడదాం, సరేనా? నా పిట్టకి నల్ల రంగు వేస్తా."

మిరియం తలూపింది.

బుల్లెట్టు వెళ్ళాక మళ్ళీ తెర వంక చూసింది. గెలిచిన నీలం పిట్టలు లేచి, తర్వాతి ఆటకి ఎగిరిపోయాయి. ఓడిన ప్రతిసారీ మిరియం కూడా అంతే. కోపంతో 'మళ్ళీ ఆడు' అనే మీట నొక్కి పారిపోయేది. ఓడిన బల్ల ఎలా ఉంటుందో ఇంతవరకూ కూర్చుని చూడలేదు. ఇవాళ ఏ మీటా నొక్కలేదు.

ఓడిన బల్ల మీద ముక్కలు లేవు. గడియారం లేదు. ఎవరి వంతూ కాదు. ఎవరూ లెమ్మని చెప్పడం లేదు. ఎర్ర పిట్ట ఒక్కతే, ఎదురుగా బూడిద రంగు పిట్ట.

నాన్న షాపు దీపం వేశాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

అంతలో బూడిద రంగు మీద పసుపు పాకింది. ముందు ముక్కు, తర్వాత మెడ, తర్వాత రెక్కలు.

పసుపు పిట్ట అటూ ఇటూ తల తిప్పి చూసింది. బల్ల ఖాళీ. ఓడిపోయామని చూసే ఉంటుంది. తర్వాత బల్ల మీదుగా గెంతుకుంటూ ఒక కప్ప వచ్చింది.

అంత దూరాన ఇవాళ ఏం తమాషా జరిగిందో మిరియానికి తెలియదు. పొద్దున గాని తెలియదు. అయినా కళ్ళు తుడుచుకుంటూ ఇప్పుడే నవ్వేసింది. తనూ ఒక కప్పని పంపింది. అమ్మ ఇంకొకటి పంపింది. బల్ల నిండా కప్పలు.

మిరియం టాబ్‌ని ఎదుటి మెషిన్‌కి ఆనించి నిలబెట్టింది. మోకాళ్ళు ముడుచుకుని, దానికెదురుగా సర్దుకుని కూర్చుంది.